ఎనభై ఓట్ల అబద్ధం

మా ఊళ్లో బుచ్చిరాములు పాలు పోయని ఇల్లు తక్కువ. నాలుగు బర్రెలు, ఒక పాత స్కూటీ, రెండు క్యాన్లు, ఇదీ అతని ఆస్తి. కొలిచి పోశాక మరో గరిటెడు కొసరు పోయనిదే గడప దాటేవాడు కాదు. దౌల్తాబాద్ చుట్టుపక్కల ఇంత మెత్తటి మనిషి లేడు. నేను చెప్పే వాటిలో నిజాలు తక్కువే గాని, ఇది నిజం.

నేను, సామ్యూల్‌ని, కాన్వెంటులో చదివాను. నవ్వకుండా అబద్ధం చెప్పడం సిస్టర్ల ముందే నేర్చుకున్నాను. ములుగు అడవిలో చిరుతపులి నన్ను బస్సు టైము అడిగిందంటే మనవరాలు వర్షిత ఇప్పటికీ నమ్ముతుంది.

సర్పంచ్ ఎన్నికలు వచ్చినప్పుడు చాయ్ హోటల్లో ఊరికే అన్నాను: "బుచ్చిరాములు నిలబడితే మా చర్చి వాడల అరవై ఓట్లు నా జేబులున్నయి."

హోటలంతా నవ్వింది. నా మాట మా కోడలు దేవికే వినదని అందరికీ తెలుసు. బుచ్చిరాములు మాత్రం వెళ్లి నామినేషన్ వేశాడు.

ఎదుటి మనిషి గోపాల్, ప్లాట్ల వ్యాపారి. అతను ఇంటింటికీ కిలో చికెన్ పంపితే ఇతనూ పంపాలి. అతను పట్నంలో ఉన్న ఓటర్లకు కార్లు మాట్లాడితే ఇతనూ మాట్లాడాలి. మొదటి బర్రె మూడు రోజుల్లో కరిగిపోయింది.

నామినేషన్ వాపసు తీసుకునే ఆఖరి రోజు, అదే హోటల్లో నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"సారూ, నిజం చెప్పున్రి. ఎనుకకు తీసుకోమంటే తీసుకుంట. ఇంకా ఒక్క బర్రెనే పోయింది."

పక్క బల్ల మీది బాలయ్య ఊరుకోలేదు. "జేబుల ఓట్లున్నయా సారూ, చిల్లు పడి కారిపోయినయా?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "అరవై తక్కువ చెప్పిన బుచ్చన్నా. ఎనభై."

అతనికి కత్తెర గుర్తు వచ్చింది. వారంలో మరో రెండు బర్రెలు అంగడికి పోయాయి. నాలుగోదానికి కూడా బయానా తీసుకున్నాడు. పోలింగుకు ముందు ఇంటింటికీ తిరిగి, దేవుడి పటం మీద చేయి వేయించుకున్నాడు. మా గడప దగ్గర మాత్రం, "మీకెందుకు సారూ ఒట్టు" అని వెళ్లిపోయాడు.

మా వాడలో కత్తెరకు పడినవి పదకొండు.

ఓడినవాళ్లు పంచింది వాపసు అడగడం ఈ మధ్య మామూలైంది. అందుకే మర్నాడు పొద్దున స్కూటీ చప్పుడు వినగానే వాడంతా తలుపులు వేసుకుంది. నేనూ గొళ్లెం పెట్టాను.

"దాసుకుంటే పాలెవరు పడ్తరు మామా?" అంటూ దేవిక తలుపు తీసి, గిన్నె నా చేతిలో పెట్టింది.

బుచ్చిరాములు ఎప్పటిలాగే కొలిచి పోశాడు. "రేపటి సంది ప్యాకెట్లు తెచ్చుకోన్రి సారూ. పొద్దుగూకేటాలకు ఆఖరి బర్రెను తోల్కపోతరు" అన్నాడు. మరో గరిటెడు కొసరు పోశాడు.

"బుచ్చన్నా, గా ఎనభై ఓట్లు..." గిన్నె గడప మీద పెట్టాను. "అబద్ధం."

"తెల్సింది సారూ." క్యానుకు మూత బిగించాడు. "గా దినం హోటల్ల అందరు నవ్విన్రు. మీరొక్కరే నవ్వలే. గందుకే నమ్మిన."

స్కూటీ పక్కింటి ముందు ఆగి హారన్ కొట్టింది. ఆ తలుపు తెరుచుకోలేదు.