వరదయ్య రోడ్డు

ఐరాల దగ్గరి ఆ పల్లెలో వరదయ్యను ఎరగనివాళ్లు లేరు. చదివింది ఊరిబడిలో ఎనిమిదో తరగతి వరకే. అయితేనేం, వార్డు మెంబరుగా ఉన్న కాలంలో ఊరికి ట్రాన్స్‌ఫార్మరు తెప్పించాడు, బడికి ప్రహరీగోడ కట్టించాడు. చిత్తూరు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పాలకేంద్రానికి సిమెంటు రోడ్డు వేయించాడు. ఆ రోడ్డు మొదట్లోనే ఆయన ఇల్లు. తెల్లవారగానే తిన్నె మీద కూర్చుని, కనబడినవారికల్లా ఆ సంగతులు చెప్పడం ఆయనకు అలవాటు.

తిరుపతిలో భూగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్న లోహిత ఆ ఊరికి వచ్చింది. పల్లె ఆడవాళ్లు ఏ పనికి ఏ దారిన నడుస్తారన్నది ఆమె ఎంచుకున్న విషయం. పాలు పోసేవాళ్ల ఫోన్లలో ఒక యాప్ వేసి, వాళ్లు నడిచిన దారులన్నీ మ్యాపు మీద గీతలుగా రాబట్టింది. తన రోడ్డు పుస్తకానికెక్కుతోందని వరదయ్య పొంగిపోయి, ఆమెను ఇంటికి పిలిచి, భార్య జ్ఞానాంబ చేత కాఫీ ఇప్పించాడు.

లోహిత నసుగుతూనే ల్యాప్‌టాప్ తెరిచింది. ఎర్రగీతలన్నీ మామిడితోపు పక్కన ముళ్లదారినే పోతున్నాయి. సిమెంటు రోడ్డు మీద ఒకే ఒక్క గీత ఉంది. అది జ్ఞానాంబది.

“నీ మిషను తప్పు జూపిస్తా ఉండాది పాపా,” అన్నాడు వరదయ్య.

మిషను తప్పు కాదని లోహిత నెమ్మదిగా చెప్పింది. గీతలు ఏ దారో చెబుతాయి గానీ ఎందుకో చెప్పవు. ప్రశ్నలు పట్టుకుని అడిగితే అందరూ ‘ఊరికే’ అనేశారు. ఇక వాళ్లతో కలిసి నడిచి, మాటల్లో పెట్టి తెలుసుకోవాల్సిందే.

వరదయ్యకు అన్నం సయించలేదు. ఇన్నేళ్లుగా చెప్పుకున్న రోడ్డు ఎవరికీ పనికిరాదని పుస్తకంలో పడితే ఇంకేముంది? మర్నాడు పొద్దున్నే తోపు దారికి పోయి, లోహితతో మాట్లాడుతూ వస్తున్న ఆడవాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. గుంతలుంటే చెప్పండి, కంట్రాక్టరు సంగతి చూస్తానన్నాడు.

పాలక్యాను సర్దుకుంటూ నాగవేణి ముందుకొచ్చింది. “రోడ్డుకేం మామా, అద్దం మాదిరి ఉండాది. దాని మొదుట్లో నువ్వు గూడా ఉండావు గదా.”

“నేనేం జేస్తిని మే?”

“నువ్వు ట్రాన్స్‌ఫార్మరు కాడ కత ఎత్తుకొని ప్రహరీగోడ కాడికి వచ్చే లోపల పాలు ఇరిగిపోతా ఉండాయి. ఇరిగిన పాలు కేంద్రంలో పోయించుకోరు.”

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వరదయ్య ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. కానీ తప్పు రోడ్డుది కాదని తేలింది గదా అని ఊపిరి పీల్చుకున్నాడు. ఇదంతా రాస్తావా అని లోహితను అడిగాడు. రాస్తాను గానీ పేరు పెట్టను, ‘ఒక పెద్దాయన’ అంటానంది.

“పేరు లేకుంటే ఎట్ల పాపా? వరదయ్య అని బాగా పెద్దచ్చరాలతో రాయి.”

పాల వేళకు నోరెత్తనని ఆయన అక్కడే మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. వారం తిరిగాక లోహిత కొత్త మ్యాపు చూపించింది. పాలకేంద్రానికి పోయే గీతలన్నీ సిమెంటు రోడ్డు మీదే. వరదయ్య వాటిని వేలితో తడిమాడు. అంతలో తోపు దారిన మిగిలిన గీతలు కనబడ్డాయి.

“ఇవెవురివి?”

“ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చేటప్పటివి తాతా.”

ఆయన లోపలికి కేకేశాడు. “జ్ఞానాంబా, రేపట్నించి తిన్నె కాడ అందురికీ కాఫీ పెట్టు. కూసోని తాగతా ఇంటారు.”