వేలితో తిరగని నట్టు

నంద్యాల ఇనుపంగడాయన పోయారని, మొదటి బస్సులో వచ్చిన పక్కింటామె చెప్పింది. నేను పూజలో ఉన్నాను. మా తమ్ముడు వసారాలో కూర్చుని బడి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాడు.

"పోయినాడా," అన్నాడు తల ఎత్తకుండానే. "కుళ్ళుబోతు నాయాలు."

హారతి పళ్ళెం కింద పెట్టేశాను. ఆయన కుళ్ళుబోతు కాదని ఆళ్లగడ్డలో నాకొక్కదానికే తెలుసు. ఏడేళ్ళుగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మా తమ్ముడు బడిపంతులు. బడి లేనప్పుడు కొయ్యపని చేసేవాడు. అది వాడికి సరదా. కర్నూలు రాజధాని అయిన ఏడు, పిల్లల కోసం రంగులరాట్నం చెయ్యాలని పట్టుకున్నాడు. ఎనిమిది కొయ్య చేతులు, ఒక్కో చేతికి ఒక గుర్రం. గుర్రాలు చెక్కడం సులువే అయింది. బిగించడానికి బోల్టులు దొరకడమే కష్టమైంది. ఆళ్లగడ్డలో మేకులు, బండి చీలలు తప్ప ఏమీ లేవు. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. చివరికి నంద్యాలలో ఈయన అంగడి దొరికింది.

తోడు నేనూ పోయాను. బోల్టు ఎంతని అడిగితే ఆయన చెప్పేవారు కాదు. ముందు దేనికని అడిగేవారు. నూనెగుడ్డలోంచి బోల్టు తీసి, నట్టును ఒక్క వేలితో ఆ కొన నుంచి ఈ కొన దాకా తిప్పి చూసేవారు. మధ్యలో ఎక్కడ ఆగినా పక్కన పడేసేవారు. కుదిరిన జతను దారంతో కట్టి ఇచ్చేవారు. మాట మాత్రం గరుకు.

"ముప్పై రెండు కావాల్నా? నా కాడ ఒకే రకం పదారే ఉండాయి. మద్రాసు నుంచి రావాల. రెండు నెల్లు ఆగు."

"పిల్లోళ్ళకు మాటిచ్చినానన్నా."

"మాటిచ్చే ముందర బోల్టులు చూసుకోవాల అయ్యోరా."

తమ్ముడు ఆగలేదు. చాగలమర్రి దగ్గర పాత మిలిటరీ లారీలు విప్పుతున్నారని విని, గోతాం నిండా బోల్టులు, నట్లు ఏరుకొచ్చాడు. అన్నీ అర అంగుళంవే. ఒక జత బిగించి ఆయనకు చూపించడానికి తీసుకుపోయాడు, గర్వంగా.

"చూడన్నా, ఎంత బిర్రుగా పట్టిందో."

ఆయన వేలితో తిప్పారు. కదల్లేదు.

"ఇది పట్టలేదు. ఇరుక్కునింది. బోల్టు అమెరికా లారీది, అంగుళానికి పదమూడు మర చుట్లు. నట్టు ఇంగ్లీషు లారీది, పన్నెండు. రెండు చుట్లు పోతాది, ఆడ ఆగుతాది. నువ్వు పానాతో తిప్పితే లోపల చుట్లు తెగిపోతాయి. పిల్లోళ్ళని ఎక్కియ్యొద్దు."

తమ్ముడు నవ్వాడు. దారిలో నాతో అన్నాడు, "ఆయప్ప కాడ కొనలేదని కడుపుమంట."

రాట్నం ఎక్కించే రోజు బడి ముందు ఊరంతా చేరింది. మొదటి గుర్రం మీద ఒక ఆడపిల్లను కూర్చోబెట్టారు. అప్పుడు, కబురు ఎవరి నోటనో విని, నంద్యాల బస్సు దిగి ఆయన వచ్చారు. పిల్లను రెక్క పట్టి కిందికి లాగారు. మోచేయి గీరుకుపోయి అది గుక్కపెట్టి ఏడ్చింది. పక్కన కట్టెలు కొట్టేవాడి చేతిలోని గొడ్డలి లాక్కుని రాట్నం చేతుల మీద వేశారు. ఒకటి తరువాత ఒకటి విరిగి పడ్డాయి.

"ఏం శెట్టీ, నీ అంగట్లో కొనలేదనా?"

"పసిపిల్లోళ్ళు ఏడుస్తాండారు, కండ్లు కనపడవా నీకు?"

"ఏడ్చనీ," అన్నారాయన గొడ్డలి ఆపకుండా. "ఏడ్చే పిల్లోళ్ళు నడుచుకుంటా ఇంటికి పోతారు."

మగవాళ్ళు మీద పడి కొట్టారు. మా తమ్ముడూ కొట్టాడు, చెంప మీద, తన బడి పిల్లల ముందే. ఆయన తిరిగి చెయ్యి ఎత్తలేదు. తలగుడ్డ కూడా తీసుకోనివ్వకుండా బస్సులోకి తోశారు.

మరునాడు ఆ కొయ్యలు వాకిట్లో వేసి ఉంటే ఒక నట్టు పట్టుకున్నాను. తిప్పలేదు, ఊరికే లాగాను. వచ్చేసింది. తెగిన ఇనుప చుట్లు పొడిలా అరచేతిలో రాలాయి. ఇంకో మూడు లాగాను. మూడూ వచ్చాయి.

ఒక జత కొంగున కట్టుకుని నంద్యాల పోయాను. ఆయన చూశారు. పెదవి ఇంకా వాచి ఉంది.

"నాకేల చూపిస్తాండావ్? నాకు తెల్సు. పోయి మీ ఊళ్ళో చూపీ."

సరేనన్నాను. ఇంటికి వచ్చేసరికి తమ్ముడు అన్నం ముట్టకుండా గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు. ఇది చూస్తే ఏం చేసుకుంటాడోనని భయపడ్డాను. జతను పూజ గూట్లో, పటం వెనక పెట్టాను. అహోబిలం స్వామికి మొక్కుకున్నాను, కాస్త కుదుటపడ్డాక చెబుతానని.

వాడు కుదుటపడ్డాడు. నేను చెప్పలేదు.

నంద్యాల పోయినప్పుడల్లా ఆయన ఒకటే అడిగేవారు. "చూపిచ్చినావామ్మా?" నేను తల దించుకునేదాన్ని. ఆళ్లగడ్డ రైతులు ఆయన అంగడి మెట్టు ఎక్కడం మానేశారు. ఆ ఆడపిల్లకు ఇప్పుడు పెళ్ళీడు. నీళ్ళబిందెతో మా వాకిలి దాటేటప్పుడు మోచేతి మచ్చ చూపించి, "ఆయప్ప చేతులు పడిపోనూ," అని పోతుంటుంది. అదీ విని ఊరుకున్నాను. కొన్నాళ్ళకు ఆయన అడగడం మానేశారు. ఆ రోజు నాకు హాయిగా అనిపించింది. రోజూ దీపం పెట్టే మనిషిని. నాకు హాయిగా అనిపించింది.

కబురు విన్న రోజే నంద్యాల పోయాను. ఆయన ఇంటామె నన్ను గుర్తుపట్టలేదు.

"ఏ ఊరమ్మా?"

"ఆళ్లగడ్డ."

ఆమె నా మొహంలోకి చూసింది. "మీ ఊరోళ్ళు వస్తారని కాదు గానీ," అంది, "ఎవురన్నా వచ్చినారా అని మొన్న కూడా అడిగినాడు." ఆ మాట తరువాత నాకు కూర్చోవడానికి చోటు చూపించింది. నేను నిలబడే ఉన్నాను.

తిరిగి వచ్చి జతను తమ్ముడి ముందు పెట్టాను. ఉన్నదంతా చెప్పాను. వాడు నట్టును లాగాడు, మళ్ళీ తొడిగాడు, మళ్ళీ లాగాడు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది నీ కాడ?"

"ఏడేళ్ళు."

"నిన్న చెప్పింటే కూడా పోయి కాళ్ళు పట్టుకుందునే అక్కా."

ఎంతమంది పిల్లలు ఆ రోజు ఆయన వల్ల నడిచి ఇంటికి పోయారో నేను లెక్కపెట్టలేదు. వాళ్ళ తల్లులు ఇది చదవాలి, చదవడం రానివాళ్ళకు ఎవరైనా చదివి వినిపించాలి. ఆయన మంచిమాట చెప్పడం చేతకాని మనిషి. బోల్టు విషయంలో ఒక్క అబద్ధం ఆడలేదు. నాది మంచి నోరని ఊళ్ళో పేరు.

మరునాడు పొద్దున తమ్ముడు నంద్యాల బస్సెక్కాడు. నన్ను రమ్మనలేదు. నేను వెనకాలే పోయి బస్సు పక్కన నిలబడ్డాను. కిటికీ దగ్గరే కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో, ఆ జత మీద పిడికిలి బిగించి ఉంది. కండక్టరు టికెట్టు ఇస్తే ఎడమచేత్తో అందుకున్నాడు. "యాడికి అయ్యోరా ఇంత పొద్దున్నే?" అని ఎవరో అడిగారు. వాడు నా వైపు చూడలేదు. బస్సు కదిలింది. ఆ పిడికిలి విప్పలేదు.