పొయ్యి కంటే ముందు పొగ

క్లాసులోని ఆ పాత ఇంజన్ దగ్గరికెళ్తే మంజుల ముక్కు మూసుకునేది. హిందూపురంలోని ఆ ప్రైవేటు ఐటిఐలో ఏడాదంతా చదువు చెప్పింది దాని మీదే. తుప్పు మీద వెండిరంగు, లోపలినుంచి ఎలుకల కంపు. ముట్టుకోబోతే దుర్గాప్రసాద్ సారు కర్రతో వేళ్ల మీద తట్టేవాడు, ఇన్‌స్పెక్షన్ నాటికి రంగు పోతుందని.

ధర్మవరంలో నాయన జయరాముడు ఆటోలు బాగుచేస్తాడు. ఆ పనికి ఒక కాగితం సంపాదించుకుని బస్సు డిపోలో అప్రెంటిస్‌గా చేరాలని ఆమె రోజూ పొద్దున్నే రైలెక్కేది. పెనుకొండ దాటినా పుస్తకం మూసేది కాదు.

క్లాసు గోడకు నాలుగు పటాలుండేవి: ఇంజన్ గాలిని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం. ఎప్పుడో సున్నం వేసి తిరిగి తగిలించినప్పుడు చివరి రెండూ తారుమారయ్యాయి. అప్పట్నుంచి ప్రతి బ్యాచ్చూ పాతవాళ్ల రికార్డు చూసి ఆ వరసే దించుకుంటోంది. మంజుల కూడా దించుకుంది. నాయన అది చూసి నవ్వాడు.

“పొయ్యి ముట్టించకముందే పొగ యాడినుంచి వస్తాదమ్మా?”

ఏడాదిపాటు ఎవరిదో ఎంగిలి తిన్నట్టనిపించింది ఆమెకు. సారుకు చెబితే, పాస్ కావాలంటే పటంలో ఉన్నట్టే చెప్పమన్నాడు.

ప్రాక్టికల్స్‌కు మార్కులు వెయ్యడానికి బయటినుంచి కుమారస్వామి అనే ఆయన వచ్చాడు. పదకొండుమంది గోడ చూసి వల్లించారు. ఆయన ఫోను చూస్తూ తలూపాడు. మంజుల వంతొచ్చింది. డిపో ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా నోట్లోంచి నాయన చెప్పిన వరసే వచ్చింది.

ఆయన తలెత్తి పటాలకేసి చూశాడు. “తప్పు.”

“గోడ తప్పు సార్. ఇంజన్‌నే అడుగుదాం,” అని మంజుల స్పానర్ తీసుకుంది.

సారు వద్దంటున్నా నాలుగు నట్లు విప్పి మూత ఎత్తింది. సిలిండర్ నిండా ఎలుక గూడు. చింపిన రికార్డు కాగితాల మధ్య ఎండిపోయిన రెండు ఎలుకపిల్లలు. కుమారస్వామి ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని మూసెయ్యమన్నాడు. వాకిట్లో నిలబడే సంతకం పెట్టేశాడు. పన్నెండుమందికీ ఒకే మార్కులు.

ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బు రుద్దుకున్నా ఆ కంపు వదల్లేదు. పాసయ్యావా అని నాయన అడిగాడు. “అందరం పాసయినాం,” అంది మంజుల. రికార్డులోంచి ఒక పేజీ చింపి, గ్రీజు తుడుచుకోమని ఆయన చేతికిచ్చింది.