రేకుల మీద గోనెసంచి

ఈ రోజు మిట్టమధ్యాహ్నం మా ఓనర్ అంకుల్ ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళను వెంటబెట్టుకొచ్చారు, రాంగోపాల్‌పేట్‌లో డాబా మీదున్న మా రేకుల ఇల్లు చూపించడానికి. మా ఆయనా నేనూ టీచర్లం, అద్దె పెంచి ఇవ్వలేం కాబట్టి నెలాఖరుకు ఖాళీ చేయాలట. వాళ్ళయితే ఎక్కువ అద్దె ఇస్తారట.

రేకుల మీద, లోపలి వేడిని బయటికి లాగే గుండ్రటి స్టీలు ఫ్యాను ఉంది. గాలికి దానంతటదే తిరుగుతుంది. అది కీచుమంటుంటే కింద తనకు మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదని అంకుల్ గొడవ. బేరింగుకు గ్రీజు పెట్టించమన్నాను. ఆయన అది తిరగకుండా గోనెసంచి కప్పి, తాడుతో బిగించి కట్టేశారు. వేసవంతా ఉడికిపోయాం.

కుర్రాళ్ళను కూర్చోబెట్టి, టేబుల్ ఫ్యాను ఆపేసి, పొగలు కక్కే టీ ఇచ్చాను.

"గింత ఉడుకుతుందేంది అంకుల్?" అన్నాడొకడు.

"జెర సేపు కూసోండి. రేకుల మీద ఫ్యాన్ సుత పెట్టించిన," అన్నారు అంకుల్.

"నిజమే బాబూ. దానికి గోనెసంచి కట్టింది కూడా ఆయనే," అన్నాను.

కుర్రాళ్ళు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

సాయంత్రం అంకుల్ నిచ్చెనెక్కి సంచి విప్పి, గ్రీజు పెట్టారు. రేపు మధ్యాహ్నం ఇంకెవరో చూడటానికి వస్తున్నారట. సంచీ, తాడూ, నిచ్చెనా మాత్రం ఇక్కడే మర్చిపోయారు.

ఇంకొక్క మధ్యాహ్నం ఉడకడం నాకు లెక్క కాదు. మీరైతే ఏం చేసేవారు?