కిడ్నీలు బాగున్నాయి, అత్తా

మా మేనత్త పోయి ఇంకా నెల కాలేదు. భావనపాడులో ఉదయం ఎండలో, ఆరబెట్టిన కవళ్ల చేపలు తిరగేస్తూ అక్కడే కూలబడిందని ఫోన్ వచ్చింది. టెక్కలి నుంచి నేను బండి మీద వెళ్లేసరికి గుండెపోటు అని, ప్రాణం పోయిందని తేల్చేశారు.

మంచిగా తలుచుకుందామనే రాయడానికి కూర్చున్నాను. కోపం ముందొస్తోంది. మీరే సర్దుకోండి.

ఆ కోపం చావింట్లోనే మొదలైంది. ఓదార్చడానికి వచ్చిన పెద్దాయన ఒకడు నా భుజం మీద చెయ్యేసి, "పున్నెం సేసుకుందిరా. మీ మావలాగ సూదుల మీద బతకనేదు, సులువుగా ఎలిపోనాది" అన్నాడు. చుట్టూ అందరూ తలలూపారు. ఉద్దానంలో మేం చావును కూడా ఇలాగే కొలుస్తాం. కిడ్నీ జబ్బు కాకపోతే చాలు, అది మంచి చావే. ఒళ్లు మండిపోయింది నాకు. ఏం పుణ్యం? నిన్నటిదాకా గంప ఎత్తిన మనిషి.

మావని డయాలసిస్‌కి పలాస తిప్పింది ఆవిడే. ఆయన పోయాక మాత్ర అంటే పడేది కాదు. బీపీ మాత్ర కూడా కిడ్నీలు తినేస్తుందని ఎవరో చెబితే మానేసింది. బీపీని వదిలేస్తేనే కిడ్నీలు పాడవుతాయని నేను గొంతు చించుకున్నా వినలేదు.

నన్ను చదివించింది ఆవిడ. కోటబొమ్మాళి సంతలో ఎండుచేపలు అమ్మి నాకు ల్యాబ్ కోర్సు ఫీజు కట్టింది. చేప పైకి ఎండినట్టు కనిపిస్తే నమ్మేది కాదు. వెన్నుముల్లు పక్కన బొటనవేలితో నొక్కి చూసి, లోపల ఏ మాత్రం మెత్తగా తగిలినా మళ్లీ ఎండలో పడేసేది. "పైన సూసి గంపలో ఎయ్యకురా, లోపల తడుంతాది" అనేది. నేను తొందరపడితే వీపు మీద ఒకటి వేసేది. ఆ దెబ్బకి చేపల వాసన ఉండేది, రోజంతా పోయేది కాదు.

మొన్న వానాకాలంలో ఆవిడకి న్యుమోనియా వచ్చింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, గండం గడిచిందన్నారు అందరూ. నెలన్నర తర్వాత కూడా గంప ఎత్తితే ఆయాసం వచ్చేది, ఎడమ భుజం లాగేసేది. బరువు మోసినందుకే అని తనే తీర్పు చెప్పేసుకుంది. నేను పోరగా పోరగా ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే ఆయన రక్తపరీక్షలు రాశాడు. టెక్కలిలో నేను పనిచేసే ల్యాబ్‌కే వచ్చింది.

రిపోర్టు నా చేతిలో ఉంది. అత్త బల్ల మీద కూర్చుని నా మొహంలోకే చూస్తోంది.

"కిడ్నీలు ఎలగున్నాయిరా నాయనా? దాసకుండా సెప్పు."

"కిడ్నీలు బాగున్నాయి, అత్తా."

ఆ మొహం వెలిగిపోవడం మీరు చూసి ఉండాల్సింది. కళ్లు తుడుచుకుంది, సంచిలోంచి ఎండురొయ్యల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. ఇంక డాక్టరు దగ్గరికి ఎందుకు దండగ అని అటునుంచటే బస్సెక్కేసింది. నేను ఆపలేదు.

అదే కాగితంలో కింద ఇంకో లైను ఉంది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే పరీక్ష, సీఆర్‌పీ. అప్పటికి దిగిపోయి ఉండాల్సింది, దిగలేదు. చూశాను. తగ్గిపోతుందిలే అనుకున్నాను. మా ఊళ్లో ఎవడైనా ముందు కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినినే చూస్తాడు, అది బాగుంటే మిగతా కాగితం చిత్తుకాగితమే. నేనూ ఆ ఊరివాణ్నే కదా. తెల్లకోటు వేసుకుంటే ఏమొచ్చింది.

ఆవిడ పోయాక ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. న్యుమోనియా తగ్గినా లోపల వాపు కొందరిలో రగులుతూనే ఉంటుందట. రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు దాని వల్ల పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టొచ్చట. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి గుండెపోటు భయం మామూలు కంటే ఎక్కువట. "ఆవిడకి అదే జరిగిందని కచ్చితంగా చెప్పలేను. కానీ ఆ ఆయాసం, భుజం నొప్పి గురించి తెలిస్తే ఆ రోజే ఈసీజీ తీయించేవాణ్ని" అన్నాడు. ఆ రెండూ ఆవిడ ఆయనకి చెప్పనే లేదు, కిడ్నీల గురించే అడిగిందట. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో గుండె డాక్టరుకు చూపించమని ఒక ముక్క ఉంది, ఇంగ్లీషులో. ఆవిడకి అక్షరం రాదని తెలిసీ అలా చేతిలో పెట్టి పంపేశారు. వాళ్లని తిట్టాను, కడుపారా తిట్టాను. తర్వాత గుర్తొచ్చింది, నాకు ఇంగ్లీషు వచ్చు. ఆ కాగితం దాచమని ఆవిడ నాకే ఇచ్చింది, మా ఇంట్లోనే ఉంది. నేను చదవలేదు.

క్షమించు అత్తా అని రాయడం నాకు చేతకావడం లేదు. నా మీద నాకే చేయి లేస్తోంది.

మొన్న మా వీధి వదిన ఒకావిడ ల్యాబ్‌కి వచ్చింది. రెండు నెలల కిందట న్యుమోనియాతో పడి లేచిన మనిషి. మెట్టు ఎక్కితే రొప్పుతోంది. కిడ్నీ పరీక్ష ఒక్కటే చెయ్యమంది. చెయ్యనన్నాను. ఛాతీ పట్టేస్తోందా అంటే, గ్యాస్ అంది. సంచీ లాక్కుని, చెయ్యి పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిపించాను, శ్రీకాకుళం బస్సు ఎక్కించాను. అక్కడి గుండె డాక్టరుకు ఫోన్ చేశాను, దించుకోవడానికి బస్టాండుకి రమ్మని ఆ ఊళ్లోనే ఉన్న ఆవిడ కొడుక్కీ చేశాను. "నీకేటి పిచ్చెక్కిందా? పొయ్యి మీద కూరుంది, నన్నెక్కడికి తోలేత్తన్నావు?" అని ఆవిడ గోల. బస్సు కదిలింది. కోటబొమ్మాళి వైపు మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నన్ను తిడుతూనే ఉంది.