ద్వేషం కోసం తిరిగిన రోజులు

నలభై ఆరేళ్ల వయసులో నాకు ద్వేషం అవసరమైంది.

మాది బ్లాక్ మెటల్ బ్యాండు. ముఖానికి తెల్లరంగూ, కళ్ల చుట్టూ కొబ్బరిచిప్పల మసీ పూసుకుని, చావు గురించీ చీకటి గురించీ గొంతు చించుకుని అరిచే సంగీతం. మలికిపురంలో ఓ ఎండుకొబ్బరి గోదాములో నలుగురం సాధన చేసేవాళ్లం. హైదరాబాదులో ఇలాంటి బ్యాండ్లకు జరిగే కచేరీకి ఓ పాట పంపాం. నిర్వాహకుడు ఫోన్ చేశాడు.

“వాయింపు బాగుంది సార్. మీ అరుపులోనే ద్వేషం లేదు. ఎవర్నో భోజనానికి పిలుస్తున్నట్టుంది. జనం ముందు పాడి, ఎక్కడా కట్ చెయ్యకుండా వీడియో పంపండి. ఇదే ఆఖరు.”

ద్వేషం కోసం నేను పడని పాట్లు లేవు. రాజోలు బస్సులో కావాలని మెట్ల మీద వేలాడాను. నెలరోజులు పంచదార లేని కాఫీ తాగాను. ఎదురింటాయనతో తగువు పెట్టుకుందామని వెళితే, నేను నోరు తెరిచేలోగా చేతిలో అరటిగెల పెట్టారు.

జనాన్ని తెచ్చే పూచీ గోదాము యజమాని తీసుకున్నారు. మేమంటే ఆయనకు ప్రాణం. మేము సాధన మొదలెట్టిన వారానికే ఆయన గోదాములోని ఎలుకలన్నీ పిల్లాపాపలతో ఏరు ఈది ముక్తేశ్వరం వలసపోయాయని ప్రతీతి.

ఆదివారం సాయంత్రం నలభై మంది కొబ్బరి వ్యాపారులు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి కూర్చున్నారు. కెమెరా తిరుగుతోంది. పాట ఏడో నిమిషానికి చేరింది. చివరి అరుపు కోసం గోదావరి గాలంతా గుండెల్లోకి లాగాను.

భుజం మీద శాలువా పడింది.

“ఒక్క నిమిషమండీ,” అంటూ యజమాని మైకు అందుకున్నారు. “మూషిక నివారణలో వీరు చేసిన కృషికి మా వర్తకులందరి తరఫున చిరు సన్మానం.”

డ్రమ్ములాయన నా చెవిలో, “ఆపేద్దామేంటండీ?” అన్నాడు.

“ఆపితే మనం పోయినట్టేనండీ. వాయిస్తూ ఉండండి.”

పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో అరవడం మా ఇంటా వంటా లేదు. ఊపిరి బిగబట్టి, చేతులు జోడించి నిలబడ్డాను. యజమాని తాతగారి మొదటి కొబ్బరి పడవ దగ్గర్నుంచి మొదలెట్టారు. తర్వాత వర్తక సంఘం ఉపాధ్యక్షుడు. ఆ తర్వాత ఒకాయన ఎలుకల మీద స్వయంగా రాసిన సీసపద్యాలు, ఆరు. ఎవరో పన్నీరు చల్లితే మసి మీసాల మీదుగా నోట్లోకి దిగింది. ఇరవయ్యో నిమిషంలో వందన సమర్పణ చేసే ఆయన లేచి, “ముగించే ముందు మళ్లీ ఒకసారి మొదటికొస్తే,” అన్నారు.

అప్పుడు అరిచాను.

గోదాము రేకులు రెండు లేచి పడ్డాయి. కపిలేశ్వరపురం లంకల్లో మేస్తున్న గేదెలు తలెత్తి చూశాయట. ముందు వరుస కుర్చీలతో సహా రెండో వరుస ఒళ్లో పడింది.

యజమాని కండువాతో కళ్లొత్తుకున్నారు. “చూసేరా అండీ, సన్మానం చేస్తే మనిషి ఎంత పొంగిపోతాడో.”

“ఆయ్,” అన్నారు అందరూ, లేచి కుర్చీలు సర్దుకుంటూ.

వీడియో పంపిన మర్నాడే ఫోనొచ్చింది. మమ్మల్ని తీసుకున్నారు, అదీ పెద్ద బ్యాండ్లకే ఇచ్చే కచేరీ చివరి పాటకి.

“ఆ ద్వేషం ఎక్కణ్ణించి తెచ్చారు సార్?” అని అడిగాడు నిర్వాహకుడు, భయంభయంగా.

“మావాళ్ల అభిమానమండీ,” అన్నాను.