అజ్మాన్ ఇసుకలో పదకొండో నంబరు

శుక్రవారం పొద్దున ఆరింటికి మేముండే బనియాస్‌లో షేర్ టాక్సీ ఎక్కాను. అజ్మాన్ వెళ్లేవాళ్లు ముందు దుబాయ్ దాకా ఇలా వెళ్లడమే చవక. కాకపోతే ఐదుగురూ నిండితే గానీ బండి కదలదు.

నేను వెళ్తున్నది ఒక ఆటగాణ్ణి చూసి రావడానికి. మా కంపెనీకి ఫుట్‌బాల్ జట్టుంది. జట్టులో ఉన్నవాళ్లకు ఆఫీసులో కుర్చీ, ఏసీ గది. లేనివాళ్లకు సైటు, ఎండ. పదకొండో నంబరు చొక్కా వేసుకుని ఎడమ అంచున ఐదేళ్లుగా ఆడుతున్నది నేనే. నా మోకాలు మొరాయిస్తోందని మేము ముదీర్ అని పిలిచే మేనేజరు కనిపెట్టాడు.

"అజ్మాన్ లేబర్ క్యాంపులో కాలేజీ ఆటగాడొకడున్నాడట. ఏ స్థానానికి పనికొస్తాడో రాసుకురా, యల్లా, బయల్దేరు!" అని నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

అతను బాగా ఆడతాడని రాస్తే ఊడేది నా కుర్చీయే. తప్పులు వెతకడానికే బయలుదేరానని ఒప్పుకుంటున్నాను.

దారిలో చాయ్‌కి ఆగినప్పుడు నేను కుంటుతూ దిగడం ముందు సీట్లో ఉన్న ఒక తెలుగు నర్సు చూసింది. భీమవరం వైపు ఆవిడ, దుబాయ్‌లో చర్చికి వెళ్తోంది. నేను ఫుట్‌బాల్ ఆడతానని మాటల్లో అంతకుముందే చెప్పాను.

"ఆ మోకాలు బాగా వాచిందండీ. ఇంకా ఆటలెందుకండీ మీకు?"

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పినందుకే కాబోలు.

తొమ్మిదింటికి దుబాయ్‌లో దిగి, అబ్రా పడవలో క్రీక్ దాటి, దేరాలో పరోటా, కీమా తిన్నాను. ఇంకో టాక్సీ పట్టుకుని పదకొండున్నరకు క్యాంపు చేరాను.

నేను చూడవచ్చిన గంగాధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. రెండేళ్లు కాలేజీ జట్టుకు ఆడి, చదువు మధ్యలో వదిలేసి వచ్చి ఇక్కడ ఇనుప చువ్వలు వంచుతున్నాడు. పొట్టిగా, బక్కగా ఉన్నాడు. ఇతగాడేనా అని లోలోపల సంబరపడ్డాను. అతను నాకు అన్నం, పప్పు వడ్డించాడు.

"తిను అన్నా, మొహమాటపడకు. నా పని ఇంకో రెండు నెలలల్ల ఖలాస్ అయితది. మీరు తీస్కోకుంటే ఇంటికే పోవాలె."

నేను తల వంచుకుని తిన్నాను.

నాలుగింటికి ఆట మొదలైంది. గోలు స్తంభాలు పరంజా పైపులు, గీతలు సున్నంవి. ఇసుకలో బంతి దొర్లదు కాబట్టి ఎవరైనా గాల్లోకే కొట్టాలి. వెనక నుంచి ఒకడు బలంగా తన్నాడు. గంగాధర్ వెనక్కి చూడనైనా చూడకుండా పరుగెత్తాడు. భుజం మీదుగా దిగిన బంతి అతని పాదం మీద వాలి అక్కడే ఆగిపోయింది, పెంపుడు పిట్టలా. నేను నోరు తెరిచేశాను. ఛాతీతో, తొడతో, వట్టి కాలితో ఎలా వచ్చిన బంతినైనా అలాగే అందుకున్నాడు. సగం ఆటకే మూడు గోల్స్ కొట్టాడు.

విరామంలో చొక్కా మార్చుకుని ఓడుతున్న జట్టులోకి వెళ్లిపోయాడు. దొరికాడు, నిలకడ లేని మనిషి అనుకుని పెన్ను తీశాను. అయినా ఎందుకిలా అని అతన్నే అడిగాను.

"మా క్యాంపుల గట్లనే అన్నా. బాగ ఆడెటోడు సగం ఇటు, సగం అటు ఆడాలె. రేపు పొద్దుగాల అందరం ఒక్క సిమెంటు మిక్సర్ కాడనే పని చెయ్యాలె గద!"

పెన్ను జేబులో పెట్టేశాను.

రెండో సగంలో మొదట వెనక వరసలో గోడలా నిలబడ్డాడు. కాసేపటికి మధ్యకు వచ్చి ఇద్దరి చేత గోల్స్ కొట్టించాడు, మూడోది తనే కొట్టాడు. చివరి పది నిమిషాలు గోలు కాశాడు. మూడు, మూడు. రెండు జట్లూ కలిసి అతన్ని ఎత్తుకున్నాయి. లోపాలు లేవని కాదు; పరుగు మామూలే, తలతో కొట్టడం తక్కువే. కానీ నా ఇరవై ఏళ్ల ఆటలో అలా బంతి అందుకున్నవాణ్ణి చూడలేదు, నేనెప్పుడూ అందుకోలేదు.

ఆరున్నరకు దేరాలో తిరుగు టాక్సీ ఎక్కాను. ఆట మీద మోజున్నవాళ్లు ఓ శుక్రవారం అజ్మాన్ వెళ్లిరండి, అంత దూరం ఎందుకు వచ్చామా అని మాత్రం అనుకోరు. వాచిన మోకాలి మీద కాగితం పరిచాను. అన్ని స్థానాలకూ పనికొస్తాడని రాద్దామనుకున్నాను. కానీ ముదీర్ అడిగింది ఒక్కటే స్థానం, ఖాళీ అయ్యేదీ ఒక్కటే.

పదకొండు అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి. దారి మాత్రం నున్నగానే ఉంది.